బెర్లిన్ నేల దారులపై 1945లో రాతపూర్వక హామీ ఎందుకు తీసుకోలేదు?

రెండవ ప్రపంచ యుద్ధం ముగింపు నుంచి 1949 వరకు జర్మనీ చరిత్రను చదువుతున్న నాకు ఒక సందేహం తీరడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

1945 మే 2న బెర్లిన్ సోవియట్ ఎర్రసైన్యం వశమైంది. నగరం సోవియట్ ఆక్రమణ మండలం నడుమ ఉన్నప్పటికీ, 1944లో లండన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం దానిని మిత్రరాజ్యాలు పంచుకోవలసి ఉన్నందున, 1945 జూలైలో అమెరికా సేనలు తమ అధీనంలోని థురింజియా, సాక్సనీ ప్రాంతాలను ఖాళీ చేసి నగరపు పశ్చిమ భాగంలో ప్రవేశించాయి. బేరమాడడానికి అంతకన్నా మంచి అదను దొరకదని నా అభిప్రాయం. అయినా జూన్ 29న అమెరికా జనరల్ క్లే, సోవియట్ మార్షల్ జుకోవ్ సమావేశమైనప్పుడు రోడ్డు, రైలు మార్గాల విషయంలో నోటిమాటతోనే సరిపెట్టుకున్నారు. గగన మార్గాలను మాత్రం, ఒక్కొక్కటి 20 మైళ్ల వెడల్పుతో మూడింటిని, అదే ఏడాది నవంబరులో కాగితం మీద ఖరారు చేసుకున్నారు. 1948 జూన్‌లో పశ్చిమ మండలాల్లో కొత్త కరెన్సీ (మార్కు) రాకతో వివాదం ముదిరి స్టాలిన్ నేల దారులను మూసివేయించినప్పుడు, పశ్చిమ బెర్లిన్‌లోని 20 లక్షలకు పైగా జనాన్ని 1949 మే 12 వరకు నిలబెట్టినది ఆ మూడు దారులే. విమానాలు మోసిన సరుకులో తిండి కన్నా బొగ్గే ఎక్కువ!

కొన్ని దారులనే రాసుకుంటే మిగిలినవాటిపై హక్కు వదులుకున్నట్లవుతుందని క్లే సంకోచించారన్న వివరణ చదివాను. ఈ వాదన ఒక్కటే చాలునా, లేక జపాన్‌పై యుద్ధంలో సోవియట్ సాయం ఆశించడం కూడా కారణమా? దిగ్బంధం కాలంలో ఆ గగన మార్గాలను మాస్కో బలప్రయోగంతో అడ్డుకోకపోవడానికి లిఖిత ఒప్పందం ఎంతవరకు కారణం, యుద్ధభయం ఎంతవరకు కారణం?