సముద్రంలో బోరు వేస్తే భూకంపం గురించి ఏం తెలుస్తుంది?

చీరాలకుర్రోడు:
జపాన్ వాళ్ళు 2011 భూకంపం వచ్చిన చోటే సముద్రంలో బోరు వేశారంట, చిక్యూ అనే షిప్‌తో, మళ్ళీ 2024లో కూడా వెళ్ళారంట. రెండు డౌట్లు. భూకంపం వచ్చి వెళ్ళిపోయాక తవ్వితే చూడ్డానికి ఏం మిగులుతుంది? ఇంకోటి, కోయనా డ్యామ్ నీళ్ళ వల్లే 1967లో భూకంపం వచ్చిందంటారు కదా, మరి ఫాల్ట్‌లోకే, అంటే భూకంపంలో నేల జారే ఆ పగులులోకే బోరు దింపితే దాన్ని కెలికినట్టు కాదా? 2004 సునామీ చూసిన ఊరు మాది, తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

రాళ్ళమాస్టారు:
మిగిలేది వేడి తమ్ముడూ. అరచేతులు గట్టిగా రుద్దితే వేడెక్కినట్టే ప్లేట్లు, అంటే భూమి పైపొరలోని పెద్ద పలకలు, రాసుకుంటూ జారినప్పుడు కూడా వేడి పుడుతుంది, అదెంతో తెలిస్తే ఫాల్ట్ ఎంత తేలిగ్గా జారిందో లెక్క కట్టొచ్చు, కాకపోతే ఆ వేడి రోజురోజుకీ చల్లారిపోతుంది కాబట్టి వాళ్ళు ఆలస్యం చెయ్యకుండా 2012 ఏప్రిల్‌లోనే వెళ్ళారు. అక్కడ నీళ్ళే దాదాపు 6,900 మీటర్ల లోతు, దాని కింద నేలలోకి ఇంకో 850 మీటర్లు. లంగరు అందే లోతు కాదది, ప్రొపెల్లర్లు తిప్పుతూనే ఓడని ఒకేచోట నిలబెట్టాలి, కింద అంత పొడుగు పైపు వేలాడుతుంటుంది. జూలైలో 55 థర్మామీటర్లు కట్టిన తాడు బోరులోకి దింపి, 2013 ఏప్రిల్‌లో రోబోతో బయటికి లాగారు. నేల 50 మీటర్ల దాకా జారిన చోట మిగిలిన వేడి 0.31 డిగ్రీలు, అంతే! అంటే రాపిడి అంత తక్కువన్నమాట. బోరులోంచి కడ్డీలా తీసిన మట్టి ముక్కలో, అదే కోర్ శాంపిల్‌లో, కారణం కూడా దొరికింది, ఫాల్ట్ మొత్తం కలిపి 5 మీటర్లు కూడా లేని బంకమట్టి పొర, పొలుసులు పొలుసులుగా ఊడొస్తుంది, అందులో ఎక్కువ భాగం స్మెక్టైట్ అనే తేలిగ్గా జారే ఖనిజం. మన నల్లరేగడిలో ఉండేదీ ఈ జాతి ఖనిజమే.

అంతకుముందు చాలామంది ట్రెంచ్ (ఒక ప్లేట్ ఇంకోదాని కిందకి దూరే చోట సముద్రం అడుగున ఉండే లోతైన కందకం) పక్కన మెత్తటి మట్టి కాబట్టి అక్కడ పెద్దగా జారదులే అనుకునేవాళ్ళు. తీరా చూస్తే ఎక్కువ జారింది అక్కడే, సునామీ అంత ఎత్తున లేచింది అందుకే.

రిగ్‌మనిషి_కాకినాడ:
కెలకడం గురించి నేను చెప్తా. బోరు వెడల్పు జానెడు, మహా అయితే మూరెడు, 2011లో కదిలిన ఫాల్ట్ పొడవేమో 500 కిలోమీటర్ల దాకా. కోయనా సంగతి వేరు, రిజర్వాయర్ ఏటా నిండుతూ తగ్గుతూ ఉంటే ఆ బరువు, పగుళ్ళలోకి దిగే నీటి ప్రెజర్ రెండూ కలిసి పనిచేస్తాయి, ఇక్కడ ఆ స్థాయిలో నీళ్ళు ఎక్కించేది ఏమీ ఉండదు. అన్నట్టు ఈ చిక్యూ 2015లో మన కృష్ణా గోదావరి బేసిన్‌కి కూడా వచ్చింది, గ్యాస్ హైడ్రేట్ల కోసం, అంటే సముద్రం అడుగున నీటితో కలిసి మంచులా గడ్డకట్టిన గ్యాస్ కోసం.

చీరాలకుర్రోడు:
థాంక్యూ మాస్టారూ, థాంక్స్ అన్నా. మరి మన మీదకొచ్చిన 2004 సునామీ చోట, సుమత్రా వైపు ఎవరైనా తవ్వారా?

రాళ్ళమాస్టారు:
తవ్వారు, 2016లో, జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడతో. ఫాల్ట్‌లోకి కాదు, సముద్రం అడుగు ప్లేట్ సుమత్రా కిందకి దూరకముందు దాని మీద పేరుకున్న మట్టి ఎలాంటిదో చూడ్డానికి, 1,500 మీటర్ల దాకా దిగారు. ఆ మట్టిలో ఎక్కువ భాగం ఎక్కడిదనుకున్నావు, హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు! కిలోమీటర్ల మందాన పేరుకునేసరికి అడుగున వేడెక్కి, ఖనిజాల్లో ఉన్న నీళ్ళు ముందే బయటికొచ్చేశాయి, దాంతో మట్టి గట్టిపడి ట్రెంచ్‌కి అంత దగ్గర్లో కూడా పెద్దగా తెగి జారేంత బలం వచ్చిందని వాళ్ళ అంచనా. జపాన్‌లో బలం లేని బంకమట్టి, ఇక్కడ గట్టిపడిన ఒండ్రు, రెండుచోట్లా సునామీ వచ్చింది. అందుకే ఒకచోట తవ్వి అన్నిటికీ అదే రూల్ అంటే నేనొప్పుకోను, ఎంత ఖర్చయినా ఏ ట్రెంచ్‌కి ఆ ట్రెంచ్ తవ్వి చూడాల్సిందే.

గాజువాక_సిరి:
ఎప్పుడొస్తుందో ముందే చెప్పగలరా అండీ దీంతో?

రిగ్‌మనిషి_కాకినాడ:
తేదీ చెప్పలేరమ్మా. భూకంపం వచ్చాక సునామీ హెచ్చరిక ఇచ్చేది హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్, 2007 నుంచి, వాళ్ళు చూసేది సీస్మోమీటర్లు, సముద్రం అడుగున పెట్టిన ప్రెజర్ సెన్సార్లు. ఏ చోట నేల ఎంత జారగలదు, ఏ తీరం ఎంత అలకి సిద్ధపడాలి అనేదానికి పనికొస్తుంది ఈ డ్రిల్లింగ్. 2024లో చిక్యూ మళ్ళీ వెళ్ళింది కూడా అదే ఫాల్ట్‌లో ఒత్తిడి తిరిగి పేరుకుంటోందా అని చూడ్డానికే, ఈసారి కూడా బోరులో థర్మామీటర్లు పెట్టి వచ్చారు.