రస్ట్ నేర్పే తరగతిలో అందరికీ ఒకే ఎడిటర్ తప్పనిసరి చేయాలా?

ప్రశ్న: వారాంతపు_తరగతి

నమస్కారం. మా పట్టణ గ్రంథాలయంలో శని, ఆదివారాల్లో పన్నెండు మంది డిగ్రీ విద్యార్థులకు నేనూ, మరో మిత్రుడూ స్వచ్ఛందంగా రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుతున్నాము. వారిలో సగం మంది దగ్గర ఉన్నవి 4 జీబీ ర్యామ్ గల పాత ల్యాప్‌టాప్‌లు. వాటిలో వీఎస్ కోడ్ (కోడ్ రాసే ఎడిటర్), రస్ట్-అనలైజర్ (రాస్తుండగానే తప్పులు చూపే సహాయక ప్రోగ్రాం), బ్రౌజర్ మూడూ ఒకేసారి తెరిస్తే యంత్రం దాదాపు నిలిచిపోతోంది. ఇద్దరు విమ్ అనే మరో ఎడిటర్ వాడుతున్నారు, ఒక అమ్మాయికి ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్ బాగా అలవాటు. ఒక్కొక్కరి తెర ఒక్కో రకంగా ఉండటంతో పాఠం కన్నా ఎడిటర్ వివరణకే ఎక్కువ సమయం పోతోందనీ, అందరినీ ఒకే ఎడిటర్‌కు మార్చాలనీ మిత్రుడు అంటున్నారు. చేతికి అలవాటైన పనిముట్టును మాన్పించడం నాకు ఇష్టం లేదు.

మరొక ఇబ్బంది కూడా ఉంది. మేము రాయిస్తున్న చిన్న నిఘంటువు ప్రోగ్రాంలో, తెలుగు పదాలున్న వరుసల్లో తప్పును చూపే ఎర్ర గీత కొందరి తెరపై అసలు చోట కాకుండా బాగా కుడివైపుకు జరిగి పడుతోంది. దీనికి కారణం ఎవరైనా వివరించగలరా?

సమాధానం: పాత_విమ్_వాడుకరి

ఒకే ఎడిటర్ తప్పనిసరి చేయకండి. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను ప్రకటించక ముందు, ప్రతి భాషకూ ప్రతి ఎడిటర్‌లో విడివిడిగా మద్దతు రాయవలసి వచ్చేది. ఇప్పుడు భాషను అర్థం చేసుకునే సర్వర్ (అదే యంత్రంలో నడిచే సహాయక ప్రోగ్రాం) ఒకటే ఉంటే, దానితో మాట్లాడటం తెలిసిన ఏ ఎడిటర్‌కైనా అదే సహాయం అందుతుంది. రస్ట్‌కు మొదట వచ్చిన సర్వర్ ఆర్‌ఎల్‌ఎస్ (రస్ట్ లాంగ్వేజ్ సర్వర్) చాలావరకు కంపైలర్ (కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రాం) ఇచ్చే ఫలితాలపైనే ఆధారపడేది కాబట్టి, సగం రాసిన కోడ్ విషయంలో అది చేయగలిగింది తక్కువ. 2018లో అలెక్సీ క్లాడోవ్ మొదలుపెట్టిన రస్ట్-అనలైజర్, అసంపూర్ణమైన కోడ్‌ను కూడా చదివి, మారిన భాగాన్ని మాత్రమే తిరిగి లెక్కించే పద్ధతిలో తయారైంది. 2022 ఫిబ్రవరిలో అది అధికారికంగా రస్ట్ ప్రాజెక్టులో చేరింది; అదే ఏడాది జులైలో ఆర్‌ఎల్‌ఎస్ విరమణను ప్రకటించారు.

మీ విద్యార్థిని ఈమ్యాక్స్ 29 వాడుతుంటే సర్వర్‌తో మాట్లాడే ఎగ్లాట్ అనే భాగం అందులోనే ఉంటుంది. విమ్‌కు కొత్త రూపమైన నియోవిమ్‌లో 0.5 వెర్షన్ నుంచీ ఈ సదుపాయం లోపలే ఉంది. అయితే రస్ట్-అనలైజర్ బృందం స్వయంగా చూసుకునేది వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్‌ను మాత్రమే. మిగిలిన ఎడిటర్ల వైపు పనిని ఆయా ఎడిటర్లను ఇష్టపడి వాడేవారే చాలావరకు తమ తీరిక సమయంలో చేస్తున్నారు. అందరినీ ఒకే ఎడిటర్‌కు తరలిస్తే రేపు ఆ పని అందుకునేవారు ఎక్కడి నుంచి వస్తారన్నది నా ఆందోళన.

ఒకటిగా ఉండవలసినవి వేరే ఉన్నాయి. టూల్‌చెయిన్ (కంపైలర్, దాని తోడు పనిముట్లు) వెర్షన్‌ను తెలిపే ఫైలు, కోడ్‌ను ఒకే తీరులో సర్దే రస్ట్‌ఎఫ్‌ఎమ్‌టీ అమరికలు ప్రాజెక్టులోనే ఉంచండి. రాసిన కోడ్ పంపే ముందు, రస్ట్ ప్రాజెక్టులను నడిపే కార్గో అనే పనిముట్టుతో ఎఫ్‌ఎమ్‌టీ (కోడ్ సర్దేది), క్లిప్పీ (మెరుగులు సూచించేది) నడపడం అందరికీ నియమం చేయండి.

సమాధానం: కార్గో_చెక్

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, 4 జీబీ యంత్రాల సంగతి అందులో రాలేదు. రస్ట్-అనలైజర్ మీ కోడ్‌తో పాటు ప్రామాణిక లైబ్రరీని, మీరు జోడించిన క్రేట్లన్నింటినీ (ఇతరులు రాసిన లైబ్రరీలను) విశ్లేషించి ఆ సమాచారాన్ని జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. ఎడిటర్ మార్చినంత మాత్రాన ఈ భారం తగ్గదు. ఫైలు భద్రపరచిన ప్రతిసారీ తనిఖీ నడిపే అమరికను, మొదట్లోనే అన్నింటినీ ముందుగా లెక్కించి పెట్టుకునే అమరికను ఆపివేయండి. పాఠాల్లో క్రేట్ల సంఖ్య తగ్గించండి. సర్వర్, మీరు టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండోలో) నడిపే కార్గో ఒకే బిల్డ్ ఫోల్డర్ కోసం ఒకదానికొకటి కాచుకుంటుంటే సర్వర్‌కు వేరే ఫోల్డర్ కేటాయించవచ్చు. దానివల్ల డిస్క్ మీద ఎక్కువ చోటు పడుతుందని గుర్తుంచుకోండి.

మొదటి మూడు, నాలుగు వారాలు సర్వర్ లేకుండానే నేర్పమని కూడా సూచిస్తాను. రస్ట్ కంపైలర్ ఇచ్చే తప్పుల సందేశాలు ఎంతో శ్రద్ధగా రాసినవి. ఏ విలువ ఎక్కడ చేతులు మారిందో, తర్వాత ఎక్కడ వాడబోయామో వరుసలతో సహా చూపిస్తాయి. ఎర్ర గీత మీద మౌస్ ఉంచి మొదటి వాక్యం మాత్రమే చూసే అలవాటు పడితే ఆ వివరణ అంతా విద్యార్థి కంటబడకుండా పోతుంది.

సమాధానం: అక్షరాల_లెక్క

గీత జరగడం గురించి. “తెలుగు” అన్న పదం చదివేవారికి మూడు అక్షరాలు. అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో హల్లులూ గుణింతపు గుర్తులూ కలిపి 6 సంకేతాలు, వాటిని భద్రపరచే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్ల చొప్పున 18 బైట్లు, మరో పద్ధతి యూటీఎఫ్-16లో 6 యూనిట్లు. రస్ట్ స్ట్రింగులు యూటీఎఫ్-8లో ఉంటాయి కాబట్టి ఈ పదం పొడవు అడిగితే 18 అని వస్తుంది. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ మాత్రం వరుసలో స్థానాన్ని మొదటి నుంచీ యూటీఎఫ్-16 యూనిట్లలో లెక్కిస్తుంది. 2022లో వచ్చిన 3.17 వెర్షన్‌తోనే, రెండు వైపులా ఒప్పుకుంటే యూటీఎఫ్-8 వాడే వీలు కలిగింది. సర్వర్ ఒక లెక్కలోనూ ఎడిటర్ ప్లగిన్ (ఎడిటర్‌కు జోడించే భాగం) మరో లెక్కలోనూ ఉంటే ఈ ఒక్క పదం తర్వాత గీత 12 స్థానాలు తప్పుతుంది. ఇంగ్లిష్‌లో మాత్రమే రాసేవారికి అన్ని లెక్కలూ ఒకటే కావడంతో ఇలాంటి లోపం ఎన్నాళ్లయినా బయటపడదు.

టెర్మినల్‌లో వాడే విమ్ విషయంలో మరో కారణం ఉండవచ్చు. టెర్మినల్ అక్షరాలను సమానమైన గడుల్లో పేర్చుతుంది; మన ఒత్తులు, గుణింతపు గుర్తులు చాలా టెర్మినళ్లలో ఆ గడులకు సరిగ్గా ఒదగవు. సొంత విండోలో నడిచే ఈమ్యాక్స్ 27వ వెర్షన్ నుంచి అక్షరాలను కలిపి సరైన ఆకారంలో చూపే హార్ఫ్‌బజ్ లైబ్రరీని వాడుతున్నందువల్ల తెలుగు అక్కడ చక్కగా కనిపిస్తుంది.

వారాంతపు_తరగతి

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న పరీక్షించి చూశాము. గీత తప్పుతున్న ముగ్గురిలో ఇద్దరి దగ్గర పాత ప్లగిన్ ఉంది, కొత్తది వేయగానే సరిపోయింది. మూడో ల్యాప్‌టాప్‌లో ఇంకా 12 స్థానాల తేడాయే కనిపిస్తోంది. “తెలుగు” అన్న పదం ఒక్కటే ఉన్న రెండు వరుసల ప్రోగ్రాంను జతచేసి, ఆ ప్లగిన్ నిర్వాహకులకు నివేదిక రాసే పని ఆ విద్యార్థికే అప్పగించాము. ఎవరి ఎడిటర్ వారికే ఉంచడానికి మిత్రుడు ఒప్పుకున్నారు. వచ్చే శనివారం నుంచి పాఠం మాత్రం టెర్మినల్‌లో కార్గో చెక్ (కోడ్‌లో తప్పులు చూసే ఆదేశం)తోనే చెబుతాము.