నరకమేలా, నరకమేలూ: ఒక కొమ్ము సంగతి

పాత నోటుబుక్కు:
అందరికీ నమస్కారం. ఒక పాదం ఇరవై ఏళ్లుగా నన్ను వదలడం లేదు. డిగ్రీలో మాకు ఇంగ్లీషు కవి మిల్టన్ కావ్యం "పారడైజ్ లాస్ట్" చెప్పిన మాస్టారు, మొదటి పుస్తకంలో స్వర్గంలో సేవ చేయడంకన్నా నరకంలో ఏలడం మేలు అని సాతాను చెప్పే ఆ మాట దగ్గరికి రాగానే పాఠం ఆపి, బోర్డు మీద తెలుగులో ఒక్క పాదం రాశారు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేను ఎక్కించుకున్నాను. మొన్న అట్టపెట్టె సర్దుతుంటే ఆ నోటుబుక్కు దొరికింది. "నాకమున సేవ" (నాకం అంటే స్వర్గం) వరకు స్పష్టంగా ఉంది. తరువాతి మాట మడతలో అరిగిపోయింది. దాని తరువాత "నరకమే" ఉంది, దాని పక్కన "ల". ఆ "ల"కు కొమ్ము ఉందో లేదో తేలడం లేదు, సిరా పాకింది. నాకు మాత్రం "నరకమేలు" అనే గుర్తు. మిగతా పద్యం ఎవరికైనా తెలుసా?

తేటగీతి:
మడతలో పోయింది "కంటెను". "నాకమున సేవ కంటెను నరకమేలు". నాక, మునసేవ, కంటెను, నరక, మేలు. సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి నా–న. తేటగీతి పాదం నిక్కంగా కుదిరింది. పైగా నాకానికీ నరకానికీ మధ్య తేడా ఒక "ర", ఒక దీర్ఘం. మనసే నరకాన్ని స్వర్గం చేస్తుంది, స్వర్గాన్ని నరకం చేస్తుంది అని సాతాను అంతకు కొద్ది పాదాల ముందే అంటాడు కదా. ఆ మాటను అక్షరాల్లోనే చూపించిన మాస్టారికి నమస్కారం.

ఉత్వసంధి:
గణాలు సరే గానీ తేటగీతి గారూ, "నరక" దగ్గర మీరు పెట్టిన విరుపు గణానిదే, మాటది కాదు. "నరక మేలు" అని విడదీస్తే "నరక" ఒంటిగా నిలవదు. "నరకము మేలు" అనడానికి ఒక లఘువు ఎక్కువవుతుంది. నరకము + ఏలు, ఉత్వసంధి, అంతే. అంటే ఇందులో "మేలు" లేనే లేదు, "ఏలు" ఉంది. నరకాన్ని ఏలు! అది ఆజ్ఞ. సాతాను తనకు తానే ఇచ్చుకున్న ఆజ్ఞ.

తేటగీతి:
చెవికి రెండూ వినిపిస్తాయి. కవి కోరుకున్నదీ అదే అయి ఉంటుంది. ఏలడమే మేలు అన్నది సాతాను బుర్రలో ఒకే మాట. వ్యాకరణం ఒకటే ఒప్పుకోవచ్చు, చెవి రెంటినీ పట్టుకుంటుంది.

మధుపం:
నాకు అనుమానం "సేవ" మీద. సాతాను నోట సేవ అన్న మాట వస్తుందా? సేవ అంటే మనకు పూజగదిలో మాట. వాడి కడుపుమంటకు "ఊడిగం" కావాలి. "నాకమున నూడిగముకంటె నరకమేలు". గణాలు చూసుకోండి, ఇదీ తేటగీతే. ఊడిగం అనగానే వినేవాడు సాతాను పక్షాన చేరిపోతాడు. ఊడిగం చెయ్యనన్నవాడు ఏ కథలోనైనా వీరుడే.

పాత నోటుబుక్కు:
మధుపం గారూ, "సే" చాలా స్పష్టంగా ఉందండీ. ఏత్వం, దాని దీర్ఘం, అన్నీ కనిపిస్తున్నాయి. అక్కడ సందేహం లేదు.

మధుపం:
సరేనమ్మా, ఒప్పుకుంటున్నాను. కానీ మాస్టారు మెత్తబరిచారనే నా బాధ.

కొలువుకూటం:
ఇద్దరూ వదిలేసిన మాట ఒకటుంది. కొలువు. "కొలువు చేయడం" నౌకరు పని, "కొలువు తీరడం" రాజు పని. స్వర్గంలో కొలువు చేసేకన్నా నరకంలో కొలువు తీరడం మేలు. సాతాను చూస్తున్నది ఒకే సభ, మారాల్సింది తాను నిలబడ్డ చోటు మాత్రమే. అధర్మాన్ని కూల్చాలని కాదు, గద్దె తనది కావాలని వాడి గోల. రెండో పుస్తకం మొదలయ్యేదే వాడు రాజసింహాసనం మీద కూర్చుని ఉండగా. ఈ ఒక్క తెలుగు మాటలో వాడి వీరత్వమూ, దాని లొసుగూ రెండూ ఉన్నాయి.

తేటగీతి:
అందంగా ఉంది గానీ "నాకమున గొలువు కంటెను" అంటే మూడో గణం "వుకంటె" అయి జగణం పడుతుంది. కుదరదు.

కొలువుకూటం:
"గొల్వు" అనండి. "నాకమున గొల్వు కంటెను". కుదిరింది. పూర్వకవులు వాడిన రూపమే.

వేకువచుక్క:
ఈ గ్రూపులో రాయడం ఇదే మొదటిసారి. చిన్నప్పటి నుంచి బైబిలు తెలుగులో చదువుకున్నదాన్ని, అందుకే ఒక మాట చెప్పాలనిపించింది. మీరంతా సేవ, ఊడిగం అని సాతాను కోసం మాట వెతుకుతున్నారు. ఆరో పుస్తకంలో, సాతాను గుంపులో ఒంటరిగా వాణ్ణి ఎదిరించి దేవుడి పక్షాన నిలిచిన దూత అబ్దియేలు ఇదే మాటను పట్టుకుని వాడికి జవాబు చెబుతాడు కదా! యుద్ధం మొదలయ్యే ముందు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉంటారు. దేవుడు నియమించినవారికి, యోగ్యులకు చేసేదాన్ని సర్విట్యూడ్, అంటే దాస్యం, అనడం అన్యాయం, ఆ పేరు పెట్టి దాన్ని చెడగొడుతున్నావు అంటాడు. తెలివిలేనివాడికి, తనకంటే యోగ్యుడి మీద తిరగబడ్డవాడికి లోబడడమే అసలు దాస్యం, నీవాళ్లు ఇప్పుడు నీకు చేస్తున్నది అదే, నువ్వు కూడా నీకే బానిసవి అంటాడు. ఆ తరువాత, నీ రాజ్యం నరకంలో నువ్వు ఏలుకో, నన్ను స్వర్గంలో సేవ చెయ్యనివ్వు అంటాడు. సాతాను పాదాన్ని విరిచి వాడికే తిరిగి ఇచ్చేశాడు.

మొదటి పుస్తకంలో ఊడిగం అని అనువదించేస్తే ఆరో పుస్తకానికి వచ్చేసరికి అబ్దియేలుకు వాదించడానికి మాట మిగలదు. మాటను చెడగొట్టింది సాతాను అని తెలియాలంటే, ముందు ఆ మాట చెడిపోకుండా ఉండాలి. మాస్టారు "సేవ" అనే రాయడం నాకు మెత్తదనంగా అనిపించలేదు.

మధుపం:
చాలా బాగా చెప్పావమ్మా. అయినా నాలుగో పుస్తకం మాటేమిటి? ఏదెను తోటలో పట్టుబడ్డప్పుడు దేవదూత గబ్రియేలు వాణ్ణి ఏమన్నాడు? పరలోకపు రాజు ముందు నీ అంత వంగివంగి, ప్రాకులాడి, దాసుడిలా మొక్కినవాడు ఎవడు అన్నాడు. అంటే సాతాను చేసింది ఊడిగమే. వాడికి సేవ తెలియదు. తెలియని మాటను వాడి నోట ఎలా పెడతాం?

వేకువచుక్క:
వాడు చేసింది ఊడిగమే కావచ్చు సర్. కానీ అందరూ చేస్తున్నది కూడా అదేనని వాడు నమ్మడంలోనే పతనం ఉంది. మా బైబిల్లో "దాసుడు" చిన్న మాట కాదు. ఫిలిప్పీయుల పత్రికలో క్రీస్తు గురించే "దాసుని స్వరూపమును ధరించుకొని" అని ఉంటుంది. మిల్టన్ మూడో పుస్తకంలో మనిషి కోసం ఎవరు వెళ్తారని తండ్రి అడిగితే పరలోకమంతా మౌనంగా ఉంటుంది, కుమారుడు ముందుకొస్తాడు. రెండో పుస్తకంలో లోకాన్ని చెరపడానికి ఎవరు వెళ్తారంటే పాతాళమంతా మౌనంగా ఉంటుంది, సాతాను లేస్తాడు. రెండు మౌనాలు, ఇద్దరు వీరులు. ఎవరు కిందికి దిగుతున్నారో, ఎవరు పైకెక్కుతున్నారో చూస్తే చాలు.

ధూర్జటి దాసుడు:
అసలు మీకెవరికీ ధూర్జటి గుర్తు రాలేదా? "రాజుల్ మత్తులు వారి సేవ నరకప్రాయంబు". సేవ, నరకం, ఏలిక, మూడూ ఒకే ఊపిరిలో! మాస్టారు "సేవ" అన్నది ఇక్కడి నుంచే తెచ్చుకున్నారని నా గట్టి నమ్మకం. రాయల కొలువులో ఉన్నాడని చెప్పుకునే కవి ఆ మాటన్నాడు. మిల్టనూ తక్కువవాడు కాదు. 1649లో ఇంగ్లండు రాజు తల తీస్తే, అది న్యాయమేనని పుస్తకం రాసినవాడు. రాచరికం తిరిగొచ్చాక చూపు లేకుండా, పక్షం ఓడిపోయి, ఇతరుల చేత రాయిస్తూ ఈ కావ్యం పూర్తి చేశాడు. రాజును కాదన్న మిల్టనే ఆ తిరుగుబాటు మాటను సాతాను నోట పెట్టి, తప్పని చూపించాల్సి వచ్చింది. ఎంత నలిగి ఉంటాడో. నాకు కన్నీళ్లొస్తాయి.

ఉత్వసంధి:
ధూర్జటిలో "ప్రాయంబు" మరిచిపోకండి. నరకప్రాయం అంటే నరకంతో సమానం, నరకం కాదు. సాతానుకు ప్రాయం లేదు. ఎటు ఎగిరినా నరకమే, నేనే నరకం అని నాలుగో పుస్తకంలో వాడే అంటాడు.

ధూర్జటి దాసుడు:
ప్రాయం అంటే "సమానం" ఒక్కటే కాదండీ, "తరచుగా" అనే అర్థమూ ఉంది. ప్రాయికంగా అంటాం కదా. రాజసేవ తరచుగా నరకమే అని కూడా చదువుకోవచ్చు.

ఉత్వసంధి:
సమాసంలో చివర వచ్చిన ప్రాయ శబ్దానికి ఆ అర్థం పట్టదు. మృతప్రాయుడు అంటే తరచుగా చచ్చేవాడా?

తేటగీతి:
ఇద్దరికీ దండం. దీనికి వేరే పోస్టు పెట్టుకుందాం. మనం కొమ్ము దగ్గర ఉన్నాం.

పోతన పాదాలు:
కొమ్ము కన్నా ముందు ఒక్క మాట. సేవకూ దాస్యానికీ ఇంత పోట్లాట అవసరం లేదు, పోతన్న రెంటినీ ఒకే పద్యంలో విడివిడిగా పెట్టాడు. "తనుహృద్భాషల సఖ్యమున్ శ్రవణమున్ దాసత్వమున్ వందనార్చనముల్ సేవయు". భక్తికి చెప్పిన తొమ్మిది దారుల్లో దాసత్వం ఒకటి, సేవ ఒకటి. చెప్పేది ఎవరు? ప్రహ్లాదుడు. ఎవరికి? హిరణ్యకశిపుడికి. తిరగబడ్డవాడి ఇంట్లో ఒంటరిగా నిలబడి, భయపడకుండా జవాబు చెప్పే అబ్దియేలు మనకు ఆ పసివాడే. తేడా ఎక్కడో తెలుసా? అబ్దియేలు వెళ్లిపోయే ముందు సాతానును శాపగ్రస్తుడా అంటాడు. ప్రహ్లాదుడు అదే పద్యం చివర తండ్రిని "దైత్యోత్తమా!" అని పిలుస్తాడు. ఉత్తముడా! ఎదుటివాడి గొప్పతనాన్ని కాదనకుండా వాడి దారిని కాదన్నాడు. పైగా మన హిరణ్యకశిపుడు జయవిజయుల్లో ఒకడు, వైరంతోనే తిరిగి ఇంటికి చేరతాడు. మిల్టన్ సాతానుకు ఆ తలుపు లేదు.

మధుపం:
ఆ తలుపు లేకపోవడం వల్లే సాతాను మీద జాలి పుడుతుంది నాకు. తన సేనను చూసి మాట్లాడబోయి మూడుసార్లు కన్నీళ్లు అడ్డుపడతాయి, దేవదూతలు ఏడ్చే కన్నీళ్లు అంటాడు కవి. ఇంగ్లీషు కవి బ్లేక్ ఊరికే అనలేదు, మిల్టన్ తనకే తెలియకుండా సాతాను పక్షం అని.

కొలువుకూటం:
బ్లేక్ కన్నా ముందే మరో ఇంగ్లీషు కవి డ్రైడెన్ సాతానునే నాయకుడన్నాడు. కానీ మధుపం గారూ, మొదటి రెండు పుస్తకాల దగ్గరే ఆగకూడదు. వాడి రూపం ఎలా దిగజారుతుందో చూడండి. మొదట గ్రహణం పట్టిన సూర్యుడు. నాలుగులో జీవవృక్షం మీద నీటికాకి, తరువాత హవ్వ చెవి దగ్గర కప్ప. తొమ్మిదిలో పాము. పదిలో గెలిచొచ్చి ఉపన్యాసం ఇస్తే చప్పట్లకు బదులు బుసలు. మనవాళ్లు నాటకలక్షణాల గ్రంథం దశరూపకంలో ప్రతినాయకుడికి చెప్పిన లక్షణమే ధీరోద్ధతుడు, అంటే ధీరుడే గానీ గర్వి, అని. ధీరత్వం ఉన్నంత మాత్రాన నాయకుడైపోడు. అసలైన వీరం ఓర్పు అని, దాన్ని ఎవరూ పాడలేదని తొమ్మిదో పుస్తకం మొదట్లో కవే చెప్పుకున్నాడు.

వేకువచుక్క:
చూపు పోయాక రాసిన చిన్న పద్యంలోనూ మిల్టన్ చివరికి అదే "సర్వ్" దగ్గర ఆగుతాడు. ఊరికే నిలబడి కనిపెట్టుకుని ఉండేవాళ్లు కూడా సేవ చేస్తున్నవాళ్లే అంటాడు. చూపు లేని మనిషి తన గురించి రాసుకున్న మాట అది. అక్కడ ఊడిగం అని ఎవరు పెడతారు చెప్పండి.

సంధికాలం:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. కొమ్ము లేకపోతే ఏమవుతుందో ఎవరూ చూడలేదు. "నరకమేల". నరకము + ఏల. నరకం ఎందుకు? మడతలోది "కంటెను" అని తేటగీతి గారు పూరించారు గానీ నోటుబుక్కులో ఆ మాట లేదు కదా. "నాకమున సేవ యుండఁగ నరకమేల". గణాలు, యతి అన్నీ అవే. స్వర్గంలో సేవ ఉండగా నరకం దేనికి? ఇది సాతాను మాట కాదు, అబ్దియేలు మాట. మాస్టారు రాసింది ఆరో పుస్తకపు పాదమేమో!

తేటగీతి:
కుదిరింది. ఒక్క గణం కూడా తప్పలేదు. నేను రెండుసార్లు చూసుకున్నాను.

ఉత్వసంధి:
అది కూడా ఉత్వసంధే.

మధుపం:
కానీ నోటుబుక్కు గారు చెప్పింది మొదటి పుస్తకం పాఠం, క్లాసు చప్పట్లు కొట్టింది అని. అబ్దియేలు మాటకు డిగ్రీ పిల్లలు చప్పట్లు కొడతారా?

పాత నోటుబుక్కు:
సంధికాలం గారి మాట చదివాక గుండె ఝల్లుమంది. ఇరవై ఏళ్లు నేను "ఏలు" అనే పాడుకున్నాను. ఎవరికైనా తల వంచాల్సి వచ్చినప్పుడల్లా ఆ పాదమే నాకు ధైర్యం. ఇప్పుడే కాగితాన్ని దీపం ముందు పెట్టి చూశాను. "ల" కింద కుడివైపు సిరా గింజంత చుక్క ఉంది. కింది గీత మీద ఆరో తారీకు అని వేసుకున్నాను, ఆ ఆరు అంకె తల అక్కడికే తగులుతోంది. మడత దగ్గర "నరక"కు ముందు ఒక తలకట్టు మాత్రం మిగిలింది. "కంటెను"లో "ను"కూ తలకట్టు ఉంది, "యుండఁగ"లో "గ"కూ ఉంది. "ను" అయితే దానికీ కొమ్ముండాలి. సరిగ్గా ఆ కొమ్ముండాల్సిన చోటే కాగితం చిరిగింది.

తేటగీతి:
అమ్మా, ఫోటో తీసి పెట్టగలరా? ఆ తలకట్టు ఒక్కటి పెద్దది చేసి.

ధూర్జటి దాసుడు:
పెట్టేలోపు ఒక్కటి. మృతప్రాయుడి సంగతికి నా దగ్గర జవాబుంది.