కిలిమంజారో శిఖరం అందకుండానే తిరిగొచ్చిన పిల్లగానికి ఏం చెప్పాలె?

పాలమూరు పీఈటీ:
నాగర్‌కర్నూల్ దిక్కు డిగ్రీ పిల్లగాడు. మచామె రూట్, ఆరు రోజుల ప్యాకేజీ. శిఖరానికి ముందు ఆఖరి మకామైన బరాఫు క్యాంపు నుంచి అర్ధరాత్రి బయల్దేరి, 5,500 మీటర్ల దగ్గర రెండుసార్లు వాంతి చేసుకున్నడు, వేళ్లు మొద్దుబారినయి. గైడ్ కిందికి దింపిండు. ఊరోళ్లు చందాలేసి పంపిన్రు, పోకముందే బస్టాండు కాడ ఫ్లెక్సీ కట్టిన్రు. ఇప్పుడు గది దాటి బయటికొస్తలేడు. ఇంట్లోవాళ్లేమో అప్పు చేసైనా వచ్చే నెల మళ్లీ పంపుతమంటున్నరు. పంపొచ్చా? రోజూ పది కిలోమీటర్లు ఉరికేటోడు, ఇట్లెట్ల అయింది? చందాలిచ్చినోళ్లకు ఏం చెప్పాలె?

భువనగిరి రాతిబండ:
సార్, వచ్చే నెల మాత్రం పంపకండి. కొండ మీద ఒంటికి పట్టిన ఎత్తు అలవాటు కిందికి వచ్చిన రెండు మూడు వారాల్లో చాలామటుకు పోతది. ‘సగం అలవాటైంది, మిగిలింది కొంచెమే’ అన్న లెక్క పనిచెయ్యదు.

ఉరుకుడు వేరు, ఎత్తు వేరు. మహబూబ్‌నగర్ ఉన్నది సుమారు 500 మీటర్ల ఎత్తుల. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్ల సగమే. దానికి ఒళ్లు సర్దుకోవాలంటే దమ్ముతో పని కాదు, రోజులు కావాలె. దమ్మున్న పిల్లలే మొదటి రెండు రోజులు అందరికంటే ముందు ఉరికి, తర్వాత పడిపోతుంటరు.

ఇప్పుడు చెయ్యాల్సిన మొదటి పని: నోటుబుక్కు ఇచ్చి ఆఖరి రెండు రోజులు గంటగంటకు రాయించండి. బరాఫుకు ఎన్నింటికి చేరిండు? రాత్రి అన్నం తిన్నడా, ముద్ద దిగలేదా? ఎన్ని లీటర్లు తాగిండు? తలనొప్పి బయల్దేరక ముందే ఉన్నదా? సీసాలో నీళ్లు గడ్డకట్టినయా? లోపలి గ్లవ్స్ చెమటకు తడిసినయా? ఓదార్పు మాటలకంటే ఇది ముందు కావాలె. నెల దాటితే ‘నాతోని కాలేదు’ అన్నదొక్కటే మనసుల మిగిలి, అసలు కారణం చెరిగిపోతది.

నేనైతే మొదట ఆ ఆరు రోజుల ప్యాకేజీనే అనుమానిస్త. అందులో బరాంకో క్యాంపు నుంచి 4,673 మీటర్ల బరాఫుకు ఒక్క పగటిలో పోయి, మూడు నాలుగు గంటలు నడుం వాల్చి, అదే రాత్రి శిఖరానికి ఇంకో 1,222 మీటర్లు ఎక్కాలె. ఏడు రోజులదాంట్లో నడుమ కరంగా దగ్గర ఒక రాత్రి ఆగుతరు. ఎనిమిది రోజుల లెమోషో రూట్ ఇంకా మేలు. రెండు రోజులకు పెరిగే ఖర్చు మళ్లీ టికెట్ కొనే ఖర్చు ముందర ఏపాటిది?

తర్వాత నీళ్లు, తిండి. వీపు మీది నీళ్ల బ్యాగు పైపు ఆ చలికి గడ్డకడ్తది. తాగిన ప్రతిసారీ గొట్టంలోకి ఊది నీళ్లను వెనక్కి పంపాలె. సీసాను మేజోడులో పెట్టి తలకిందులుగా ఉంచితే మంచు సీసా అడుగు దిక్కు చేరి, మూత గడ్డకట్టకుంట తెరుచుకుంటది. పల్లీపట్టి, చాక్లెట్ బయటి జేబులో పెడితే పల్లు విరిగేటంత గట్టివడ్తయి. లోపలి జేబులో పెట్టి, ఆకలి కాకున్నా అరగంటకో ముక్క తినాలె. వాంతి మొదలైనంక తినిపించుడు కుదరదు.

టెన్జింగ్ సంగతి చెప్పండి వానికి. 1952 మేలో ఆయన, స్విట్జర్లాండ్‌కు చెందిన లాంబర్ట్ ఎవరెస్ట్ మీద సుమారు 8,400 మీటర్ల దగ్గర ఒక రాత్రి గడిపిన్రు. స్టవ్ లేదు, స్లీపింగ్ బ్యాగుల్లేవు. కొవ్వొత్తి మంట మీద మంచు కరిగించుకుని గొంతు తడుపుకున్నరు. ఆక్సిజన్ సెట్లు వాళ్లు ఆగి నిలబడ్డప్పుడు తప్ప నడిచేటప్పుడు పనిచెయ్యలేదు. మర్నాడు 8,600 దగ్గరి దాకా పోయి మళ్లిన్రు. 1953లో పై క్యాంపుకు స్టవ్, పనిచేసే సెట్లు చేరినయి, మే 29న టెన్జింగ్ శిఖరం మీదున్నడు. మనిషి అదే మనిషి సార్.

పాలమూరు పీఈటీ:
రాయిస్త. వేళ్ల కొనలు ఇంకా తిమ్మిరిగనే ఉన్నయంటున్నడు. ఎత్తు జబ్బు రాకుండ వేసుకునే డయామాక్స్ గోలి వేసుకోలేదట. వేసుకుంటే ఎక్కేటోడా?

గుట్టల డాక్టర్:
ముందు ఆరోగ్యం. తలనొప్పితో పాటు వాంతి అయితే అది ఎత్తు జబ్బు. అక్కడి నుంచి పైకి పోతే మెదడు వాచే ప్రమాదం ఉంది కాబట్టి, దింపిన గైడ్ సరైన పనే చేశాడు. ఈ మాట పిల్లవాడికి ఇంకొకరి నోట చెప్పించండి, ఇంట్లోవాళ్లు చెబితే ఓదార్పు అనుకుంటాడు.

కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, సరళరేఖ మీద మడమకు బొటనవేలు ఆనిస్తూ నడిస్తే తూలడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పైన ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉంటే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, డాక్టర్ సలహా లేకుండా మళ్లీ ఎక్కకూడదు. వేళ్ల తిమ్మిరి వారాల పాటు ఉండవచ్చు. మంట దగ్గర కాచకండి, స్పర్శ తెలియక చర్మం కాలుతుంది. పొక్కులు లేచినా, రంగు నల్లబడినా చూపించాల్సిందే.

డయామాక్స్ ఉంటే ఎక్కేవాడని చెప్పలేం. అది సర్దుబాటును త్వరపెడుతుంది, రోజులకు బదులు కాదు. నివారణకు సాధారణంగా పెద్దవాళ్లకు 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. వేళ్లలో చిమచిమలు, ఎక్కువసార్లు మూత్రం మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. ఇంటి దగ్గరే రెండు రోజులు వేసి చూస్తే పడుతుందో లేదో తెలుస్తుంది.

గదిలోంచి రాకపోవడం గురించి: నెలల తరబడి ఒక్క లక్ష్యం మీద నడిచిన దినచర్య ఒక్కసారిగా ఆగింది. కొన్నాళ్లు దిగులు సహజం. పొద్దున లేచే వేళ మార్చనివ్వకండి, పది కిలోమీటర్లు కాకపోయినా రెండు నడిపించండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి కుదరకపోతే డాక్టరుకు చూపించండి. చావు మాట వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

భువనగిరి రాతిబండ:
డాక్టరుగారు సరే అన్నంకనే సాధన. భువనగిరి బండ సుమారు 500 అడుగులు, అంటే 150 మీటర్లు. ఎనిమిదిసార్లు ఎక్కి దిగితే ఆ రాత్రి ఎక్కాల్సిన 1,200 అయితది. ఒక్కనాడే వద్దు, ఐదారు కిలోల సంచితో రెండుసార్లు మొదలుపెట్టి వారాల మీద పెంచాలె. మాట్లాడుకుంటూ ఎక్కగలిగే వేగం దాటొద్దు. మీకు కోయిలకొండ గుట్ట దగ్గర. ఇది కాళ్లకే, ఎత్తుకు కాదు. ఎత్తు అలవాటు అక్కడికి పోయినంకనే.

దేవరకొండ:
చందాల సంగతికొస్తా అన్నా. ఫ్లెక్సీ ఈరోజే దింపేయండి, ‘అధిరోహించిన’ అన్న మాట ఎక్కడా ఉండొద్దు. 2016లో మార్చిన ఫోటోలతో ఎవరెస్ట్ ఎక్కామన్న మహారాష్ట్ర పోలీసు దంపతులను నేపాల్ పదేళ్లు నిషేధించింది. మీ పిల్లగాడు అబద్ధమాడలేదు, ఊరోళ్లు ప్రేమతో రాసిన మాట వాని మీద పడొద్దు.

చందాలిచ్చినోళ్లకు ఒక్క పేజీ చాలు: వచ్చినవెంత, దేనికెంత ఖర్చయింది, ఏ తేదీన ఎంత ఎత్తు దాకా పోయిండు, ఎందుకు దింపిన్రు. 5,756 మీటర్ల స్టెల్లా పాయింట్ దాకా పోలేదు కాబట్టి సర్టిఫికెట్ రాదు, అది కూడా రాయండి. పెద్ద మొత్తం ఇచ్చిన వాళ్లింటికి పిల్లగాడే పోవాలె, తోడు మీరుండండి. మిగిలిన పైసలుంటే తిరిగిస్తారా, వచ్చేసారికి ఉంచుతారా అని వాళ్లనే అడగండి. ఆ లెక్క తేలేదాకా కొత్త చందా ఎత్తొద్దు, అప్పు అసలే వద్దు.