రాళ్లెత్తిన కూలీలెవరా, ఎవ్వరా?

జోరీగ: పొద్దున్నుంచీ ఒకటే గొడవ బుర్రలో. మా ఆదివారం తెలుగు బడి పిల్లలు ఫిబ్రవరి కదా అని అమెరికాలో జరిపే నల్లజాతి చరిత్ర మాసానికి చార్ట్ చేస్తున్నారు, వైట్‌హౌస్ బొమ్మ కింద శ్రీశ్రీ లైను రాయమన్నా. "తాజ్‌మహల్ నిర్మాణానికి రాళ్లు మోసిన కూలీలెవరు" అని రాశారు. ఎక్కడో కుంటుతోంది, ఎక్కడంటారు?

గురులఘువు: కుంటదా మరి! మోసింది పల్లకీని, బోయీలు. రాళ్లు "ఎత్తారు". రెండు పాదాలూ పద్నాలుగేసి మాత్రలు, "ఎవరు" అంటే ఒకటి పోయింది, ఎవ్వరు అనాల్సిందే. "తాజ్‌" అని పొల్లు పెట్టినా ఒకటి పోతుంది, తాజమహల్.

పాతపుస్తకం: మాత్రలు సరే గురువుగారూ, అసలు ఆ బొమ్మ కింద "కూలీ" కుదరదు. కూలి ముట్టినవాడు కూలీ. వైట్‌హౌస్‌కి రాయి వర్జీనియాలో అక్వియా క్వారీ నుంచి వచ్చింది, కొట్టినవాళ్లలో బానిసలున్నారు, అద్దె డబ్బులు వాళ్ల యజమానులకి. 1790ల జీతాల పట్టీల్లో వడ్రంగులుగా పీటర్, బెన్, హారీ, డేనియల్ అని ఉంటుంది. వాళ్లలో కొందరు ఆ భవనం గీసిన జేమ్స్ హోబన్ సొంత బానిసలే.

గురులఘువు: అలాగైతే "బానిసలెవ్వరు" అనండి, చిత్రంగా ఒక్క మాత్ర కూడా తేడా రాదు, లెక్కేసి చూశా. కానీ శ్రీశ్రీని దిద్దడానికి మనమెవరం.

చింతచెట్టు: నాకైతే "మాసం" దగ్గరే ఇబ్బంది. మాసం అంటే కార్తీకం, నోము పట్టి ఉద్యాపన చేసేస్తే మళ్లీ ఏడాదికి. ఒక దీర్ఘం అటూ ఇటూ అయితే మాసికమే, తద్దినం లెక్క. నల్లజాతి నటుడు మోర్గాన్ ఫ్రీమన్ కూడా 2005లో టీవీలో అదే అన్నాడు, నా చరిత్రని ఒక నెలకి కుదించేస్తారా అని. పైగా అన్నిట్లోకీ పొట్టి నెల!

గురులఘువు: మాసం, మాసికం మధ్య దీర్ఘం ఎక్కడుందండీ? "కి" వచ్చింది, అంతే.

పాతపుస్తకం: పొట్టి నెల ఎవరో కుట్ర చేసి ఇచ్చింది కాదండీ. 1926లో నల్లజాతి చరిత్రకారుడు కార్టర్ వుడ్సన్ మొదలెట్టింది వారమే, 12న లింకన్, 14న బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీదే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినరోజులు ఎలాగూ చేసుకుంటున్నారు కాబట్టి ఆ వారం. డగ్లస్‌కి తన పుట్టిన తేదీ తెలీదు, బానిసబిడ్డకి ఎవరు రాసి పెడతారు, 14 ఆయన ఎంచుకున్నదే. అలాంటివాళ్లకి తద్దినమైనా ఎవరో ఒకరు పెట్టాలి కదా. ప్రభుత్వం నెలగా గుర్తించింది 1976లో.

చింతచెట్టు: పెట్టండి, వద్దన్నానా. మిగతా పదకొండు నెలలు పాఠంలో ఉంటారా అనేదే నా గోల.

బొబ్బిలిపులుసు: బోయీ మాట వచ్చింది కాబట్టి, పాత ఆంగ్లో ఇండియన్ నిఘంటువులో "బాయ్" కింద మన పల్లకీ బోయీని కూడా కలిపేశారు. అమెరికాలో ముసలాయన్నైనా నల్లవాడైతే బాయ్ అనేవాళ్లు, 1968లో మెంఫిస్ పారిశుధ్య కార్మికులు "నేను మనిషిని" అని అట్టలు పట్టుకుని సమ్మె చేసింది ఆ పిలుపు మీద కోపంతో కూడా. రెండు మాటలకీ చుట్టరికం ఉందనే నా నమ్మకం.

గురులఘువు: నమ్మకాలు వేరు, వ్యుత్పత్తి వేరు.

జోరీగ: చార్ట్ అయిపోయిందండీ. కూలీలు అలాగే ఉంచాం, కింద ఆ నాలుగు పేర్లు రాశారు. ఒక పాప "పీటర్ ఇంటిపేరు ఏంటి అంకుల్" అంది, పట్టీలో అంతే ఉందమ్మా అన్నా.

గురులఘువు: తాజ్‌లో పొల్లు తీశారా లేదా?