గ్రీన్ పేరుతో జరిగేదంతా పైపై హడావుడేనా? ఈవీ స్కూటర్ కొనాలా వద్దా?

బైరాగిపట్టెడ_వాసి:
అందరికీ నమస్తే. మాది తిరుపతి. పాత పెట్రోల్ స్కూటర్ మార్చాలి, ఇంట్లో అందరూ ఎలక్ట్రిక్ తీసుకోమని పోరు పెడుతున్నారు, నాకే మనసొప్పడం లేదు. డబ్బు సంగతి కాదు, ఈ పర్యావరణం కబుర్లు వింటుంటే ఒళ్లు మండుతోంది. మొన్న జూన్ 5న మా వీధిలో ఒక సంస్థ వాళ్లు పర్యావరణ దినోత్సవం చేశారు. రోడ్డుకి అడ్డంగా పెద్ద ఫ్లెక్సీ, వచ్చినవాళ్లందరికీ చిన్న చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, ఒక్క కానుగ మొక్క చుట్టూ పది మంది నిలబడి ఫొటోలు. అదే సంస్థ కిందటేడాది పార్కింగ్ కోసమని కాంపౌండులో నిలువెత్తు వేపచెట్లు కొట్టించింది. ఆ కానుగ మొక్కకి మళ్లీ ఎవరూ నీళ్లు పోయలేదు, ఎండిపోయింది, పాదు చుట్టూ సీసాల మూతలు మాత్రం ఇంకా ఉన్నాయి.

స్కూటర్ సంగతీ ఇంతేనేమో అని అనుమానం. కరెంటు ఎక్కడిది, ముద్దనూరు, కృష్ణపట్నంలో బొగ్గు కాల్చిందే కదా. పొగ మన అలిపిరి రోడ్డులో రాకుండా అక్కడ వస్తే అది పర్యావరణాన్ని కాపాడటం ఎలా అవుతుంది? తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి, షోరూం మాటలు వద్దు.

కరెంటు_పని:
నేను విద్యుత్ రంగంలోనే ఉన్నానన్నా. మీ అనుమానంలో సగం నిజం. మన దేశంలో తయారయ్యే ప్రతి వంద యూనిట్లలో సుమారు డెబ్బై ఇప్పటికీ బొగ్గువే. కానీ లెక్క అక్కడితో ఆపకూడదు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. స్కూటర్ లీటరుకి 45 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకి 50 గ్రాములు. మన గ్రిడ్‌లో, అంటే అన్ని ప్లాంట్ల కరెంటూ కలిసే లైన్లలో, యూనిట్‌కి సగటున 0.7 కిలోలు, ఆ యూనిట్‌తో ఈవీ ముప్పై కిలోమీటర్ల పైనే తిరుగుతుంది, లైన్ నష్టాలు కలిపినా కిలోమీటరుకి 25 గ్రాముల దగ్గర ఆగుతుంది. అంటే బొగ్గు కరెంటుతో కూడా సగమే.

అయితే బ్యాటరీ తయారీలో ముందే కొంత కాలుష్యం అయిపోతుంది, అది పూడాలంటే సుమారు పదివేల కిలోమీటర్లు తిరగాలి. మీరు రోజూ మార్కెట్టు దాకా వెళ్లొచ్చే మనిషైతే, పాత బండి ఇంకా నడుస్తుంటే, దాన్నే నడపండి. ఈ మాట ఏ షోరూమూ చెప్పదు.

దామలచెరువు_మామిడి:
ఫ్లెక్సీల గురించి అన్న చెప్పింది అక్షరాలా నిజం. మా దగ్గర ఇంకో రకం. తోటలో పాత డ్రిప్ పైపులు, మొక్కల మొదట్లో నేల మీద పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీట్లు ఏం చేయాలో ఎవరూ చెప్పరు, సబ్సిడీ ఇచ్చినవాళ్లు మళ్లీ తొంగిచూడరు, చివరికి గట్టు మీద వేసి కాల్చేస్తారు, ఆ నల్లపొగ పీల్చేది మేమే. సోలార్ పంపుసెట్టు మంచిదే, కాదనను. కానీ ఎండ ఉన్నంతసేపూ బిల్లు లేకుండా నీళ్లు తోడుతుంటే భూమిలో నీరు ఏమవుతుంది? మా నాయన కాలంలో బావిలో కనపడిన నీళ్లకి ఇప్పుడు బోరు ఎంత లోతు దించినా నమ్మకం లేదు. కరెంటు ఆదా అయిందని లెక్క రాసుకునేవాళ్లు నీళ్ల లెక్క కూడా రాయాలి.

కొండ_డ్యూటీ:
నేను రోజూ తిరుమలకి వెళ్లొచ్చే ఉద్యోగిని. 2022 నుంచి ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. అంతకుముందు రెండో ఘాట్ మలుపుల్లో ముందున్న బస్సు పొగకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని. ఎలక్ట్రిక్ బస్సు వెనక ఆ బాధ లేదు. పైగా దిగేటప్పుడు డీజిల్ బస్సులో బ్రేకుల వేడి కింద వృథా అయ్యే శక్తిలో కొంత ఇందులో మళ్లీ బ్యాటరీకే చేరుతుంది. మన ఘాట్ రోడ్డుకి ఇంతకంటే సరిపోయే బండి నాకైతే కనపడలేదు.

ప్లాస్టిక్ సంగతీ చెప్తాను. కొండ మీద నీళ్ల సీసాలు తగ్గింది ప్రతిజ్ఞలు చేయించినందుకు కాదు. అలిపిరిలో ఆపి చూస్తారు, పైన షాపుల్లో ప్లాస్టిక్ సీసా అమ్మరు, గాజు సీసా తిరిగిస్తే డిపాజిట్ వెనక్కిస్తారు, కుళాయిల్లో తాగే నీళ్లుంటాయి. అదే భక్తుడు కిందికి దిగి బస్టాండులో సీసా కొని కిటికీలోంచి విసిరేస్తాడు. మనిషి మారలేదు, ఏర్పాటు మారింది. మీ వీధి సంస్థ నాటకమాడిందని బ్యాటరీ బండి నాటకం అయిపోదండీ. కోపం వాళ్ల మీద ఉంచండి, కొట్టేసిన చెట్లకి అనుమతి ఉందా అని కార్పొరేషన్‌లో అడగండి.

బైరాగిపట్టెడ_వాసి:
అడుగుతాను మేడం, ఆర్టీఐ వేస్తాను. నేను రోజూ రేణిగుంట వెళ్లొస్తాను, కాబట్టి పదివేల కిలోమీటర్లు ఏడాదిన్నరలోపే దాటేస్తుంది. ఇంటిపైన సోలార్ కూడా పెట్టిస్తే? రాత్రి చార్జింగ్ పెడితే మళ్లీ బొగ్గే కదా. ఇంకోటి, బ్యాటరీ అయిపోయాక ఎక్కడికి పోతుంది?

కరెంటు_పని:
రాత్రి ఎక్కువగా బొగ్గే, నిజం. సెలవు రోజు, వీలైనప్పుడు పగలు పెట్టండి. ఇంటిపైన సోలార్‌కి కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఉంది, మన ఎండకి రోజుకి 12 యూనిట్ల దాకా వస్తాయి. ఒకటి గుర్తుంచుకోండి, బ్యాటరీ లేని మామూలు సోలార్ సిస్టం అయితే లైన్‌లో కరెంటు పోగానే అది కూడా ఆగిపోతుంది. పైన స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. అమ్మేవాళ్లు ఇది చెప్పరు, తర్వాత జనం మా మీద అరుస్తారు.

స్కూటర్ బ్యాటరీ విషయంలో, బ్యాటరీ వ్యర్థాల మీద వచ్చిన 2022 రూల్స్ ప్రకారం పాతది వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత తయారీదారుదే. పాత సామాన్లవాడికి మాత్రం వేయకండి, ఊరి బయట పగలగొట్టి పడేస్తారు. కొనేటప్పుడే వెనక్కి ఎక్కడ తీసుకుంటారో అడిగి బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఇంకో షోరూంకి వెళ్లండి.