జర్మన్ నౌకాదళ బాకు: పిడికి చుట్టిన తీగ అసలుదేనా?

నమస్కారం. నేను డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటాను. మొన్న ఇక్కడి పాత సామాన్ల దుకాణంలో జర్మన్ నౌకాదళ అధికారి బాకు ఒకటి కొన్నాను. జోలింగెన్ అనే జర్మన్ ఊరి తయారీ. అలుగు మొదట్లో కత్తి పట్టుకున్న ఉడుత ముద్ర ఉంది కాబట్టి ఐకార్న్ అనే కత్తుల కంపెనీదే అనుకుంటున్నాను. పిడి కొసన బిగించే బొడిపె గద్ద ఆకారంలో ఉంది. 1938లో పాత జ్వాల ఆకారపు బొడిపె స్థానంలో ఈ గద్ద వచ్చింది. అయితే చాలామంది అధికారులు తమ పాత బాకుకే కొత్త బొడిపె బిగించుకున్నారు. కాబట్టి గద్దను చూసి పిడి వయసు చెప్పలేం.

నా సందేహమంతా తీగ మీదే. చెక్క మీది తెల్ల సెల్యులాయిడ్ మీగడ రంగుకు తిరిగింది. దాని గాడిలో ఇత్తడి తీగ మూడు పేటలుగా చుట్టి ఉంది: నడుమ మెలితిప్పిన లావు తీగ, అటూ ఇటూ సన్నవి. భూతద్దంతో చూస్తే సన్న తీగల అంచున ఆకుపచ్చని చిలుము గట్టిగా పట్టి ఉంది. లావు తీగ మీద చుక్క చిలుము కూడా లేదు. అదొక్కటీ తర్వాత ఎవరో మార్చారేమోనని నా భయం.

బొడిపె విప్పితే పిడి బయటికి వస్తుంది. కానీ సెల్యులాయిడ్ పగులుతుందేమోనని ముట్టుకోలేదు.

ఇలాంటివి విప్పి చూసినవారు దయచేసి చెప్పండి: అసలు తీగ కొసలను పొన్ను కింద ఎలా దోపేవారు? మీ దగ్గరున్న పిడిలో మెలిక ఎటువైపు తిరిగి ఉంది?